వెనక్కి అడిగిన వాయనం

వరలక్ష్మీ వ్రతానికి పేరంటాళ్ళకి టమాటా మొక్కలు పంచుతానని మా ఆవిడ భ్రమరాంబ అన్నప్పుడు, చదువుతున్న పేపరు పక్కన పెట్టి మరీ నవ్వాను. జాకెట్టు గుడ్డలు, స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బుట్టలు ఇచ్చేవాళ్ళని చూశాను గానీ, పప్పులోకి పనికొచ్చే మొక్కకి బొట్టు పెట్టి వాయనమిచ్చేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. ఆ స్టీలు గిన్నెలు ఇల్లిల్లూ తిరిగి చివరికి మనింటికే వస్తున్నాయని, మొక్కయితే పెట్టిన చోట ఉంటుందని ఆవిడ వాదన. ఖజానా శాఖలో ఎంతమంది ఆడిటర్లకి జవాబు చెప్పానో గానీ, ఇంట్లో ఈవిడకి మాత్రం ఏనాడూ చెప్పలేకపోయాను.

నేను రిటైరయ్యాక తెనాలి నుంచి వచ్చేసి నల్లగండ్లలో మా అబ్బాయి వెంకట్, కోడలు ఉమాశ్రీలతో కలిసి ఉంటున్నాం. పొద్దున్నే వాళ్ళిద్దరూ హైటెక్ సిటీ దారి పట్టగానే మేమిద్దరం లిఫ్టెక్కి డాబా మీదికి పోతాం. అక్కడ వరసగా పెట్టిన మట్టి సంచుల్లో వంగ, బెండ, గోంగూర, పాకించిన బీర. అన్నిటికంటే ముందు వరసలో టమాటా. ఆవిడది వ్యవసాయం, నాది నీళ్ళు మొయ్యడం. కాయ కాస్తే ఆవిడ చేతి చలవ, కాయకపోతే నేను మోసిన నీళ్ళ లోపం.

భ్రమరాంబకి పెట్టడమే తెలుసు, పుచ్చుకోవడం తెలియదు. పక్కవాళ్ళు గిన్నెడు పాయసం పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా వెళ్ళదు. కనీసం నాలుగు వంకాయలైనా అందులో పడాలి. పుట్టింటివాళ్ళు పెట్టే చీర కూడా తీసుకోవడానికి నానా ఇబ్బందీ పడే మనిషి.

ఆషాఢంలో నారు పోసింది. రోజూ సాయంత్రం తులసికి పోసినట్టు చెంబుతో పైనుంచి నీళ్ళు పోసి, ఆకు ఆకూ తడిపి, "స్నానం అయిందమ్మా" అని చెప్పి వచ్చేది. వ్రతంనాటికి మొక్కలు జానెడు ఎత్తుకి వచ్చాయి. వాటిని పెరుగు డబ్బాల్లో నాటి, డబ్బాలకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఆ శుక్రవారం మా హాల్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే కూర్చుని కొంగు పట్టి మొక్కలు అందుకున్నారు. ఇస్తినమ్మ వాయనం అని ఈవిడ, పుచ్చుకుంటినమ్మ వాయనం అని వాళ్ళు. నేను శనగలు పొట్లాలు కడుతూ వంటింట్లోంచి చూశాను.

వాళ్ళలో అందరికంటే భక్తిగా మొక్కని కళ్ళకద్దుకున్నది మూడో అంతస్తు సక్కుబాయి. మా అపార్ట్‌మెంటు లేచిన నేల ఒకప్పుడు వాళ్ళ జొన్న చేను. బిల్డరుకిస్తే వాటాకి ఫ్లాట్లొచ్చాయి. ఆవిడ భర్త వీరేశానికి పక్కనే ఇంకా కొంచెం ఖాళీ జాగా ఉంది. అక్కడ మంచం వేసుకుని కూర్చుంటాడు. కోడలు ప్రియదర్శిని గచ్చిబౌలిలో ఉద్యోగం. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. ఆ అమ్మాయి ఎక్కని దవాఖాన మెట్లు లేవని సక్కుబాయే మా ఆవిడతో చెప్పుకుని ఒకసారి కళ్ళు తుడుచుకుంది.

వ్రతమైన కొన్నాళ్ళకే ప్రియదర్శిని నెల తప్పింది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని సక్కుబాయే అంటుంది, లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్ళకీ సక్కుబాయే చెబుతుంది. అదంతా వాయనం మహిమేనని తేల్చేసింది. బాల్కనీలో ఆ మొక్కకి పసుపు దారం కట్టి, పొద్దున్నే అగరొత్తి వెలిగించడం మొదలుపెట్టింది. ఇక మా ఆవిడ నడక చూడాలి. కూరగాయల బండి దగ్గరికి కూడా పట్టుచీర కట్టుకుని వెళుతుందేమోనని భయపడ్డాను. ఆ మాటే పైకంటే, "మీకు కుళ్ళు" అంది.

వినాయక చవితి ముందునుంచీ ముసురు పట్టింది. అప్పుడు చూశాం, మా టమాటాల కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు. ఒక్కో మచ్చలో రింగు లోపల రింగు, చుట్టూ పసుపు. భ్రమరాంబ ఆ ఆకులు గిల్లేసింది. పుల్ల మజ్జిగ నీళ్ళలో కలిపి కొట్టింది. స్నానాలు మాత్రం మానలేదు. వాన కురుస్తున్నా సరే, దుమ్ము పోతుందని సాయంత్రం చెంబు పట్టుకునేది. మచ్చలు పైకి పాకాయి. కాండాల మీద నల్లటి చారలొచ్చాయి. ఒక పొద్దున బిల్డింగ్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు రావడం మొదలైంది. రెండో అంతస్తు బాల్కనీ, అయిదో అంతస్తు బాల్కనీ, అన్నిట్లో అవే రింగులు. ఏం చెయ్యాలి భ్రమరాంబగారూ అని అందరూ ఈవిడనే అడుగుతున్నారు. ఫోన్ బోర్లా పెట్టేసి కాఫీ కూడా తాగకుండా కూర్చుంది.

ఆకుల్ని కవర్లో వేసుకుని ఉద్యానశాఖవాళ్ళ దగ్గరికి వెళ్ళాం. అక్కడున్న అధికారి మా కోడలి వయసు అమ్మాయి. చూడగానే ఆకుమాడు తెగులంది. తెగులు నారులోనే ఉండి ఉంటుందని, ముసురులో ఆకుల మీద నీళ్ళు పొయ్యడంతో కిందినుంచి పైకి ఎక్కిందని విడమరిచి చెప్పింది. ఆకు దగ్గరే ఉంటే మందు కొట్టి ఆపొచ్చట, కాండానికి పట్టినవాటిని మాత్రం పీకి కాల్చెయ్యాలట. ఒక్క మొక్క మిగిలినా ఆ గాలి, ఆ నీటి తుంపరే మిగతావాటికి చాలట. ఈ నారు ఇంకెవరికైనా ఇచ్చారా అని అడిగింది.

"ఇచ్చాను. వాయనంగా ఇచ్చాను" అంది భ్రమరాంబ.

 ఆ అమ్మాయి మంచినీళ్ళ సీసా ఈవిడవైపు జరిపింది.

ఆటోలో నా తెలివి నేను చూపించాను. వాన వల్ల వచ్చిందందాం, అందరూ అలాగే అనుకుంటున్నారు, అడగని ఆడిట్‌కి జవాబెందుకు అన్నాను. లింగంపల్లి బ్రిడ్జి కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. ఆవిడ బయటికి చూస్తూనే మాట్లాడింది.

"రోగమున్న మొక్కకి బొట్టు పెట్టి ఇచ్చానండీ."

"తెలిసి ఇచ్చావా ఏమిటి?"

"తెలియకే ఇచ్చాను. తెలిశాక కూడా ఊరుకుంటే తెలిసి ఇచ్చినట్టే."

మర్నాడు ముందు మావే పీకింది. గుత్తులు గుత్తులుగా పచ్చికాయలున్న మొక్కల్ని కూడా వేళ్ళతో సహా లాగేసింది. కనీసం పచ్చికాయలు పచ్చడికి ఉంచమని అడగబోయి, ఆవిడ ముఖం చూసి ఊరుకున్నాను. తర్వాత స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పెద్ద నల్ల కవర్లు నా చేతికిచ్చి ఇంటింటికీ బయల్దేరింది. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట. తెగులు నా నారులోనే ఉందమ్మా, మీ పోషణలో లోపం లేదు, మొక్క నాకిచ్చెయ్యండి. వానని గానీ, మట్టిని గానీ, విత్తనాలమ్మిన కొట్టువాణ్ణి గానీ ఒక్క మాట అనలేదు.

కొందరు ఈ మాత్రానికి ఇంత బాధెందుకన్నారు. కొందరు నవ్వారు. ఇచ్చిన వాయనం వెనక్కిస్తే ఇంట్లో లక్ష్మి వెళ్ళిపోతుందని రెండో అంతస్తు పుణ్యవతి మొహం మాడ్చుకుని, మొక్కని గుమ్మం బయట పెట్టి తలుపేసుకుంది. నేను కవరు మూతి పట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసిందా అంటే, అవును, నాకు వేసింది. ఆవిడ మాత్రం తల వంచుకోకుండా పక్క తలుపు బెల్లు కొట్టింది.

సక్కుబాయి ఇంటికి చివర వెళ్ళాం. బాల్కనీలో మొక్క కనిపిస్తూనే ఉంది. పైన పూత, ఒక చిన్న కాయ. కింద ఆకులన్నీ మాడిపోయి వేలాడుతున్నాయి. కాండానికి పసుపు దారం. ఈవిడ చెప్పిందంతా సక్కుబాయి విన్నది.

"ఏందక్కా గిట్లంటవు? ఇచ్చిన వాయినం వాపస్ అడుగుతరా ఎవరన్న? కడుపుతోని ఉన్న పిల్ల ఉంది ఇంట్ల."

భ్రమరాంబ ఏదో చెప్పబోయింది. సక్కుబాయి తలుపు విసురుగా కూడా వెయ్యలేదు, మెల్లగా దగ్గరికి వేసింది. అదే ఎక్కువ బాధించింది.

సాయంత్రానికి ఈ సంగతి బిల్డింగంతా పాకింది. మొక్కలిచ్చి వెనక్కి లాక్కున్న మనిషని మా ఆవిడకి పేరొచ్చింది. సాయంత్రాలు డాబా మీదికి వచ్చి గోంగూర కోసుకుంటూ కబుర్లు చెప్పే ఆడవాళ్ళు రావడం మానేశారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే మాటలు ఆగిపోయేవి. కొత్త నారు పొయ్యడానికి లేదు. సక్కుబాయి బాల్కనీలో మొక్క ఉన్నంతకాలం పోసినా దండగే. ఉమాశ్రీ, ప్రియదర్శిని ఒకే క్యాబులో వెళతారు గనక తాను మాట్లాడతానంది కోడలు. వద్దంది ఈవిడ, పిల్లని ఇందులోకి లాగొద్దంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మొక్క గురించి ఇంత పంతమా, పోనిద్దూ, ఈ ఏడాది టమాటాలు కొనుక్కుంటే ఏం పోయింది అని అరిచాను. ఆవిడ వత్తులు చేస్తోంది. చెయ్యి ఆపకుండానే అంది.

"నా టమాటాల సంగతి కాదండీ. ఆ మొక్క ఎలాగూ చస్తుంది. మెడలో ఆ దారంతోనే, ఆ పిల్ల కళ్ళ ముందే చస్తుంది. అప్పుడా పిల్ల ఏమనుకుంటుంది?"

అప్పటిదాకా నాకు ఆ సంగతి తట్టనే లేదు. ప్రియదర్శిని రోజూ పొద్దున ఆ మొక్కకి దణ్ణం పెట్టుకుని క్యాబెక్కుతుంది. అది తలవాల్చేసిన రోజున ఆ ఇంట్లో ఎవరికి ఏ భయం పట్టుకుంటుందో ఊహించుకున్నాను. ఆ పూట వాట్సాప్‌లో ఎవరో విసిరిన మాటకి జవాబు టైపు చేసి, పంపకుండా తుడిపేశాను.

సద్దుల బతుకమ్మ వచ్చింది. మా అపార్ట్‌మెంటు ముందు ఖాళీలో సక్కుబాయి పేర్చిన బతుకమ్మే ఏటా పెద్దది. తంగేడు, గునుగు, బంతి, నిలువెత్తు. భ్రమరాంబ ఏటా మెట్ల మీద నిలబడి చూసేది. ఆ సాయంత్రం ముదురాకుపచ్చ చీర కట్టుకుని కిందికి దిగింది. ఎవరూ పలకరించలేదు, ఎవరూ పొమ్మనలేదు. ఆటంతా అయ్యేదాకా వలయం బయటే చప్పట్లు కొడుతూ నిలబడింది. ప్రియదర్శినిని ఆడనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టారు. నేను, వీరేశం గేటు దగ్గర ఉన్నాం.

ఆట అయ్యాక ఆడవాళ్ళు సత్తుపిండి, పసుపు కుంకుమలు ఒకరికొకరు వాయినాలిచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇస్తినమ్మ, పుచ్చుకుంటినమ్మ అని అటూ ఇటూ వినిపిస్తోంది. భ్రమరాంబ నేరుగా వెళ్ళి సక్కుబాయి ఎదురుగా నిలబడింది. రెండు చేతులతో కొంగు చాపింది.

 పుట్టింటి చీర అందుకోవడానికే మొహమాటపడే మనిషి, బిల్డింగంతా చూస్తుండగా కొంగు చాపి నిలబడింది.

సక్కుబాయి పళ్ళెంలోంచి సత్తుపిండి తియ్యబోయింది.

"అది కాదు" అంది భ్రమరాంబ. "మీ బాల్కనీలో మొక్క ఇవ్వండి నాకు. నేనిచ్చింది వెనక్కి అడగట్లేదు. అది మీకిచ్చేశాను, అది మీదే. మీదే నాకు వాయనంగా ఇమ్మంటున్నాను."

సక్కుబాయి ఆమె ముఖంలోకి చూసింది.  భ్రమరాంబ కొంచెం ముందుకి వంగి, గొంతు తగ్గించి ఇంకో నాలుగు మాటలు చెప్పింది. అవి నాకు వినపడలేదు, తర్వాత ఇంట్లో అడిగితే చెప్పింది. అది బతకదు సక్కుబాయీ, పిల్ల చూస్తుండగా ఎండిపోనియ్యొద్దు, అందట. అంతవరకూ సక్కుబాయిగారూ అనే పిలిచేది. ఆ రోజే 'గారు' పోయింది.

సక్కుబాయి కుర్చీలో కూర్చున్న కోడలివైపు ఒకసారి చూసింది. పళ్ళెం పక్కావిడ చేతికిచ్చి లిఫ్టు దగ్గరికి నడిచింది. ఎవరూ కదల్లేదు. భ్రమరాంబ కూడా చాపిన కొంగు దించలేదు. వీరేశం నా చెవిలో, "ఏందో సార్, వీళ్ళ లెక్కలు మనకు తెల్వయి" అన్నాడు. నాకు తెలుసు. లిఫ్టు తలుపువైపే చూస్తూ నిలబడ్డాను.

సక్కుబాయి కుండీ పట్టుకుని దిగింది. మొక్కకి దారం లేదు. ముందు కోడలి దగ్గరికి వెళ్ళి, ఆ దారం ఆ అమ్మాయి కుడి మణికట్టుకి కట్టింది. తర్వాత వచ్చి, మట్టితో సహా ఆ కుండీని మా ఆవిడ కొంగులో పెట్టింది.

"ఇస్తినమ్మ వాయినం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

మూడుసార్లూ అన్నారు.  మా ఆవిడ గొంతు తొణకలేదు. చీరంతా మట్టయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత ఎత్తుగా కనిపించడం నేనెప్పుడూ చూడలేదు. ఆ క్షణాన ఎవరైనా అడిగి ఉంటే, ఆ ముదురాకుపచ్చ చీర ఆవిడ నా భార్య అని మైకులో చెప్పేవాణ్ణి.

మర్నాడు పొద్దున, అప్పటిదాకా డాబా మూల మూతి బిగించి ఉంచిన మొక్కల కవర్లన్నీ వీరేశం జాగాలోకి చేర్చాం. చెత్త బండిలో వేస్తే ఏ చెట్టుకు అంటుతదో ఏమో, మా జాగల్నే కాలబెడదాం అన్నాడు ఆయన. ఎండుగడ్డి వేసి అంటించాడు. సక్కుబాయి కూడా వచ్చి చూసింది. పుణ్యవతి వచ్చి, చూడ్డానికి రాలేదన్నట్టు ఫోన్ మాట్లాడుతూ నిలబడింది.

ఇక ఆ తర్వాత మా డాబా మీద నడిచింది సంసారం కాదు, సైన్యం. పాత మట్టంతా పరదాల మీద పరిచి ఎండబెట్టించింది. సంచులు, కుండీలు, కత్తెర బ్లీచింగ్ నీళ్ళతో కడిగించింది. మైలుతుత్తం, సున్నం కలిపి మందు చేసే పని నాది. రెండిటినీ వేరువేరు ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, తర్వాత కలపాలి. ఇనప చాకు ముంచి, తుప్పురంగు పడితే ఇంకాస్త సున్నం. మొదటిసారి చాకు ఎర్రబడితే, "ఖజానా వాళ్ళకి సున్నం వెయ్యడం కూడా రాదా" అని ఆడవాళ్ళందరి ముందూ అంది. అందరూ నవ్వారు. అవును మరి, డాబా మీదికి మళ్ళీ అందరూ రావడం మొదలుపెట్టారు.

కొత్త నారు పెరిగింది. ప్రతి మొక్కకీ కర్ర, మొదట్లో ఎండుటాకుల పరుపు, నేలని తాకే ఆకుల్ని గిల్లెయ్యడం, మొక్కకీ మొక్కకీ మధ్య చెయ్యి పట్టేంత సందు. నీళ్ళు పొద్దున్నే, అదీ మొదట్లోనే. ఒకరోజు పుణ్యవతి అలవాటుకొద్దీ పైనుంచి చెంబు వంచబోతే భ్రమరాంబ చెయ్యి పట్టుకుని ఆపి, "నేనూ అలాగే చేసి చంపుకున్నానమ్మా" అంది. ఆ మాట అనడానికి ఆవిడకి ఏమాత్రం కష్టం కాలేదు. కష్టమయ్యేది వినే నాకే. ఆ తర్వాత అదీ పోయింది.

చలి తగ్గేవేళకి కాయలు ఎర్రబడ్డాయి. మచ్చ లేని ఆకుల మధ్య, నా పిడికిలంతేసి కాయలు. చేతికి బరువుగా తగులుతుంటే చెప్పలేనంత గర్వమేసింది, నేను మోసింది నీళ్ళే అయినా.

మాఘమాసంలో ప్రియదర్శినికి శ్రీమంతం పెట్టుకున్నారు. పిలుపుకొచ్చిన సక్కుబాయి బొట్టు పెట్టి, కూర్చుని, కాసేపు పైట సర్దుకుంది. వచ్చిన ముత్తైదువలందరికీ తాంబూలంతో నీ టమాటా మొక్కలే ఇద్దామనుకుంటున్న అక్కా, అంది. నేను ఆ మాట విని గుమ్మంలోకి వచ్చేశాను. ఇంతకంటే ఏం కావాలి, సరేనని చెప్పెయ్యమని కళ్ళతోనే సైగ చేశాను. భ్రమరాంబ నావైపు చూడనే లేదు.

"మొక్కలు ఇవ్వను సక్కుబాయీ" అంది. "ఇంకో వానాకాలం నా దగ్గర నిలబడాలి అవి. మచ్చ రాకుండా గట్టెక్కితే అప్పుడు ఇస్తాను."

నా నెత్తి మీద నీళ్ళు గుమ్మరించినట్టయింది. మళ్ళీ తలుపులు మూసుకుంటాయనుకున్నాను. సక్కుబాయి కాస్త ఆలోచించి, తల ఊపింది.

"మొక్క వద్దంటే కాయలియ్యి. ఏదైతేంది, నీ చేతిదైతే సాలు."

శ్రీమంతం రోజు హాల్లో తాంబూలం సంచుల్లో అరటిపండ్ల పక్కన రెండేసి టమాటాలు. శంకర్‌పల్లి నుంచి, చేవెళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు సంచి తెరిచి విచిత్రంగా చూస్తున్నారు. సక్కుబాయి మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ తీసుకెళుతోంది. ఈ అక్క మాకు ఇచ్చిన వాయినంల రోగముందని తెలిసి ఇల్లిల్లు తిరిగి ఒప్పుకున్నది, బిల్డింగ్‌ల పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేటోళ్ళు ఎవరన్న చేస్తరా గట్ల, అని ఉన్నదానికి కొంచెం కలిపి మరీ చెబుతోంది. భ్రమరాంబకి సిగ్గు ముంచుకొచ్చి, భోజనం అయితే వెళ్ళిపోదాం రమ్మని నాకు దూరం నుంచే సైగలు చేసింది. నేను చూడనట్టు ఇంకో గరిటె టమాటా పప్పు వడ్డించుకున్నాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. ఆయన నన్నేమీ అడగలేదు కూడా.

"మా ఆవిడండీ" అన్నాను.